ముట్టుకోబాక నర్సమ్మా

మొన్న రాత్రి రెండింటప్పుడు మా పాప వచ్చి నా మంచం పక్కన నిలబడింది. "అమ్మా, కడుపు రాయిలా బిగుసుకుంటోంది. ఇవేనంటావా?"

ముప్పై ఏడో వారం తనకు. నేను లేచి, ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి పోయి బాణలిలో గుప్పెడు జీలకర్ర పోశాను. గింజలు చిటపటలాడి, ఎర్రబడి, ఇక మాడుతాయనగా రెండు గ్లాసుల నీళ్ళు కుమ్మరిస్తే చుయ్యిమని పొగ లేచింది. ఆ వాసన తగిలేసరికి ఎప్పటి పెంకుటిల్లో, ఎప్పటి వసారానో కళ్ళ ముందుకొచ్చింది. కిరసనాయిలు బుడ్డి, నులకమంచం, పక్కన గొంతుక్కూర్చుని ఆకూవక్క నములుతున్న అవ్వ.

ముప్పై ఏళ్ళకు పైగా పల్లెల్లో ఏఎన్‌ఎం నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మొదటి పోస్టింగు కందుకూరు నుంచి లింగసముద్రం వైపు పోయే దారిలో ఒక పల్లె. ఊరి పేరు రాయను. ఇప్పుడు చెప్పబోయేవాటిలో కొన్ని ఇంకా బతికున్నవాళ్ళ ఇళ్ళలో జరిగినవి. జిల్లా పేరు చెబుదామన్నా ఒకటి కాదు. మా అమ్మ పుట్టేనాటికి కందుకూరు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. జనన రిజిస్టర్లు రాసిన చేతులకే తెలుస్తుంది ఈ తిప్పలు.

*

మా పాప వారం నుంచీ బ్యాగు సర్దుతోంది. ఫోనులో ఎవరో పెట్టిన పట్టీ చూసుకుంటూ ఒక్కొక్కటీ టిక్కు కొడుతుంది. ముందు తెరుచుకునే నైటీలు, డైపర్లు, తడిగుడ్డల ప్యాకెట్లు, చార్జరు, పెదాలకు రాసుకునేదేదో. "నీ బ్యాగులో ఏముండేవమ్మా?" అని అడిగింది ఊరికే.

నాది నల్ల రెక్సిన్ సంచి. అందులో కత్తెర, రెండు ఫోర్‌సెప్స్, బొడ్డు కట్టే దారం, కిడ్నీ ట్రే, సబ్బు, గోళ్ళు రుద్దుకునే బ్రష్షు, కడిగి ఆరేసి పౌడరు చల్లి మళ్ళీ మళ్ళీ వాడుకునే గ్లౌజులు, బిడ్డను తూచే స్ప్రింగు త్రాసు, దాని జోలె. ఇక చిన్న బూరలాంటి గొట్టం ఒకటి. దాన్ని చూలాలి కడుపు మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి, చెయ్యి తీసేసి వినాలి. బిడ్డ గుండె నిమిషానికి నూట ఇరవై నుంచి నూట అరవై దాకా కొట్టుకోవాలి. బయట పిల్లలు అరుస్తుంటే వినపడదు. అందరినీ తరిమి తలుపేసి, ఊపిరి బిగబట్టి వింటే, దిండు కింద పెట్టిన గడియారంలా టక్‌టక్‌మనేది. "నాకూ వినిపించమ్మా" అని అడిగిన అత్తలున్నారు. ఒకావిడ విని, "గుర్రబ్బండి పోతా ఉండాదే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కత్తెరను ఇరవై నిమిషాలు నీళ్ళలో ఉడకబెట్టాలి. గిన్నె మాత్రం ఇంటివాళ్ళదే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఇంట్లో పొయ్యి పక్కనున్న సత్తుగిన్నె తీసుకుని ఉడకబెట్టేశాను. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి ముసలామె గిన్నె చేత్తో పట్టుకుని సబ్‌సెంటరుకు వచ్చింది. "పురిటి కత్తి ఉడికినాక ఇంక దీంట్లో మేం కూడొండుకోవాల్నా? నువ్వే పెట్టుకో. నాకు కొత్తది ఇప్పియ్యి" అని గుమ్మంలో కూర్చుంది. చేసేది లేక కందుకూరు బజారులో కొనిచ్చాను. ఈ పాతది నాకు మిగిలింది. తర్వాత ఎన్ని ఊళ్ళు మారినా నాతోనే వచ్చింది. ఇప్పుడు దాంతోనే తులసికి నీళ్ళు పోస్తుంటాను.

*

సైకిలు తొక్కడం నేర్చుకుంది పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల దగ్గరి బయల్లో. ఆ కాలంలో ఎటు చూసినా బ్యారన్లే, క్యూరింగు రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. బ్యారను పక్కన పందిరి కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని కర్రలకు ఆకు అల్లుతుండేవాళ్ళు. నేను చీర కుచ్చిళ్ళు గొలుసులో ఇరుక్కుని పడ్డప్పుడల్లా పందిరి పందిరంతా పగలబడి నవ్వేది.

అందులో నెలలు నిండినవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. కూర్చుని చేసే పనే కదా, ఏమవుతుందని రైతులనేవాళ్ళు. అయిదో నెల దాటినాక కూడా వాంతులు, తల తిప్పడం, కళ్ళు బైర్లు కమ్మడం. ఇంట్లోవాళ్ళు వేవిళ్ళు ఇంకా తగ్గలేదనుకునేవాళ్ళు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. పచ్చి ఆకు తడిగా ఉన్నప్పుడు దాని పసరు చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుందని, ఆ తిప్పడం నికోటిన్‌దని నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసినాక చేసిందల్లా చేతులు సబ్బుతో కడుక్కోమని, మంచు ఆరినాక ఆకు ముట్టుకోమని చెప్పడం. కూలి మానుకోమని చెప్పడానికి నేనెవర్ని?

ఐరన్ మాత్రలు మరో కథ. బిడ్డ నల్లగా పుడుతుందని ఒకరు, లావుగా పెరిగి కాన్పు కష్టమవుతుందని ఒకరు. నా ముందు నోట్లో వేసుకుని, నేను సైకిలెక్కగానే ఉమ్మేసేవాళ్ళు. ఒక ఇంట్లో చూరు కింద తాటాకు దులిపితే నేను మూడు నెలలుగా ఇచ్చిన మాత్రలన్నీ జలజల రాలాయి. ధనుర్వాతం సూది మాత్రం ఇద్దరిలో ఒకరైనా వేయించుకునేవాళ్ళు, నెల ఎడంలో రెండు. ఎందుకంటే పుట్టిన వారానికి పాలు లాగలేక, ఒళ్ళు విల్లులా వంగిపోయి పోయిన బిడ్డలను ప్రతి ఇంటివాళ్ళూ చూసినవాళ్ళే. చెప్పాల్సిన పని లేకపోయింది. 2015లో మన దేశంలో పురిటి ధనుర్వాతం పోయినట్టేనని ప్రకటించారని విన్న రోజు, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పాయసం వండాను.

*

ఇక అవ్వ.

ఊళ్ళో ఆమె పేరు ఎవరికీ అక్కర్లేదు, మంత్రసానవ్వ అంటే చాలు. నేను వచ్చేనాటికి ఊళ్ళో నలభై ఏళ్ళ లోపువాళ్ళందరికీ బొడ్డు కోసింది ఆమే. ప్రభుత్వం మంత్రసానులకు నెల రోజుల ట్రైనింగిచ్చి, సామాన్ల పెట్టె ఇచ్చేది ఆ రోజుల్లో. ఈమె కూడా పోయొచ్చింది. అందులోని కత్తెర, దారం వాడకుండా అలాగే ఉన్నాయి. పెట్టెలో మాత్రం వక్కలు, సున్నపు డబ్బా పెట్టుకుంది.

మొదట్లో నాకూ ఆమెకూ పొసగలేదు. బొడ్డు మీద బూడిద అద్దుతుందని నేను అరిచాను. ముర్రుపాలు పిండి పారబోయిస్తుందని అరిచాను. బాలింతకు మూడ్రోజులు దాహానికి నీళ్ళివ్వనివ్వదని అరిచాను. ఆమె అన్నీ వినేది. వక్క నమిలి, పక్కకు తిరిగి ఉమ్మి, "సరే నర్సమ్మా" అనేది. తర్వాత తెలిసింది, ఇళ్ళలో చెప్పేదట: "నర్సమ్మ ఉన్నంతసేపూ ఆయమ్మ చెప్పినట్టు చెయ్యండి. పాపం, ఆయమ్మకు ఉద్యోగం గదా."

నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే ఇద్దరమూ పోయేవాళ్ళం. నేను గడియారం చూసుకుని పది నిమిషాల్లో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టేదాన్ని. ఆమె కూర్చున్న వెంటనే జీలకర్ర కషాయం పెట్టమనేది. "తాగినాక తగ్గితే దొంగనొప్పులు. ఎక్కువైతే నిజం నొప్పులు." ఇది ఏ పాఠంలోనూ లేదు. అయినా వేడివేడిగా ఏదో ఒకటి తాగి, అరగంట నెమ్మదిగా కూర్చుంటే దొంగనొప్పులు సర్దుకుంటాయి, నిజమైనవి సర్దుకోవు. నా గడియారమూ ఆమె కషాయమూ నూటికి తొంభైసార్లు ఒకే మాట చెప్పేవి.

నిజం నొప్పులని తేలాక ఇల్లు మారిపోయేది. మగవాళ్ళు అరుగు మీదికి పోయేవాళ్ళు. జడ విప్పించేది అవ్వ. పెట్టెల తాళాలు తీయించేది, ఇంట్లో ఏదీ బిగించి ఉండకూడదని. దూలానికి పాత చీర ముడేసి వేలాడదీసేది, నొప్పి వచ్చినప్పుడు పట్టుకుని వేలాడటానికి. ఎవరో ఒకరు పాత నూలుచీరలు ఏరి తెచ్చేవాళ్ళు, మెత్తబడి మెత్తబడి వెన్నలా అయినవి. నేను వాటిని మళ్ళీ ఉతికించి ఎండలో వేయమనేదాన్ని. రాత్రయితే ఎండెక్కడిది? పొయ్యి మీద కాచేవాళ్ళం.

తొలిచూలు పిల్లలకు పన్నెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ పన్నెండు గంటలూ అవ్వ ఏం చేసేదంటే, మాట్లాడేది. వేరే పనేమీ లేదు. నడుం రాస్తూ, ఎవరింట్లో ఏ గొడవ, ఎవరి గేదె ఎన్ని పాలిస్తుంది, మాలకొండ స్వామికి శనివారం తప్ప దర్శనం ఎందుకు లేదు, అన్నీ చెప్పేది. "అరువుమే, గట్టిగా అరువు. ఆడ అరుగు మీదోళ్ళు వినాల. లేకుంటే ఏమీ కాలేదనుకుంటారు" అనేది. ఏడుస్తూ ఏడుస్తూ ఆ పిల్లలు నవ్వడం నేను చూశాను. నాకు చదువులో నేర్పింది కాన్పు చేయడం. పక్కన కూర్చోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

*

1989 నవంబరు. కావలి దగ్గర తుఫాను తీరం దాటిన రాత్రి.

సాయంత్రం నుంచే గాలి. రాత్రికి చెట్లు విరిగి దారులన్నీ మూసుకుపోయాయి. ఒక పిల్లకు నొప్పులు. రెండో కాన్పు. నేను ముందు వారమే చూశాను, తల పైకి ఉంది, పిర్రలు కిందికి. కందుకూరు పోయి చూపించుకోమని రాసిచ్చాను. పోలేదు, కలుపు తీతకు కూలి దొరికిందని. ఇప్పుడు పోదామన్నా బండి లేదు, బండి ఉన్నా దారి లేదు.

వసారా పైన పెంకులు ఎగిరిపోతున్నాయి. లోపలి గదిలో ఇద్దరం. లాంతరు ఆరకుండా ఆ పిల్ల అత్త చేట అడ్డం పెట్టుకుని నిలబడింది. ఉమ్మనీరు పోయింది. కాసేపటికి పిర్రలు, తర్వాత కాళ్ళు, నడుం దాకా వచ్చి ఆగింది. ఆగడం అంటే మహా అయితే నిమిషం. ఆ నిమిషంలో నా చేతులు వాటంతటవే ముందుకు పోయాయి, పట్టుకుని లాగుదామని.

"ముట్టుకోబాక నర్సమ్మా!"

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. అంత గట్టిగా నన్ను ఎవరూ పట్టుకోలేదు. నిజానికి మా ట్రైనింగులోనూ అదే చెప్పారు. ఎదురుకాళ్ళ బిడ్డను లాగితే చేతులు పైకి లేచిపోతాయి, తల వెనక్కి వాలి ఇరుక్కుంటుంది. దాని బరువుకు అది దిగాలి. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ గాలిలో, ఆ లాంతరు వెలుగులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

తల్లిని మంచం అంచుకు జరిపి బిడ్డను అలాగే వదిలేశాం. నీలంగా, తడిగా, కాళ్ళు వేలాడుతూ ఆ చిన్న ఒళ్ళు మా ఇద్దరి ముందు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చున్నాను. ఇంకో నొప్పి. భుజాలు. ఇంకొకటి. మెడ వెనక జుట్టు మొదలయ్యే చోటు కనబడింది. అప్పుడు అవ్వ నా చెయ్యి వదిలి, "ఇప్పుడు నీ పని" అంది. పాదాలు పట్టుకుని ఒళ్ళంతా మెల్లగా పైకెత్తితే నోరు, ముక్కు, కళ్ళు, నుదురు ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. బిడ్డ ఏడవలేదు. నోట్లో జిగురు తుడిచి, వీపు మీద గుడ్డతో రుద్దుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. గాలి హోరులో మొదటి ఏడుపు నాకు వినపడనేలేదు. చేతికింద ఛాతీ ఎగిరింది, అలా తెలిసింది.

మగపిల్లవాడు. మాలకొండయ్య అని పెట్టారు. ఆ చుట్టుపక్కల ఏ బడిలో కేకేసినా నలుగురు మాలకొండయ్యలు పలుకుతారు కాబట్టి ఈ పేరు చెప్పినా ఇబ్బంది లేదు. తుఫాను అని కూడా పిలిచేవాళ్ళు.

*

ఆ రోజులు బంగారం అని ఎవరైనా అంటే నాకు ఒక ఎద్దులబండి గుర్తొస్తుంది.

ఆమెకు నాలుగో కాన్పు. నెల్లూరు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర సంతాన రొట్టె పట్టుకుని మగబిడ్డ కోసం ఎదురుచూసింది. మగబిడ్డే పుట్టాడు. బిడ్డ పుట్టినాక మాయ పడలేదు. రక్తం ఆగలేదు. రక్తం ఆగడానికి నా దగ్గరున్న మెథర్జిన్ మందు ఇచ్చాను, కడుపు రుద్దాను, బండి కట్టించాను. గడ్డి పరిచి, కాళ్ళవైపు ఎత్తుగా మూటలు పెట్టి పడుకోబెట్టాం. మన్నేటి దగ్గర ఏటి ఇసకలో చక్రాలు దిగబడ్డాయి. అవ్వ దిగి చక్రం తోసింది, ఆ వయసులో. దాటేసరికి ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడింది. బండి తిప్పమని ఎవరూ చెప్పలేదు, ఎద్దులే కాసేపు ఆగి నిలబడ్డాయి.

ఇంతకంటే రాయలేను.

*

2005లో 108 అంబులెన్సు వచ్చింది. అదే ఏడు ఆసుపత్రి కాన్పుకు డబ్బిచ్చే జననీ సురక్ష పథకం. ఆశా కార్యకర్తలు వచ్చారు. రెండు మూడేళ్ళలో ఊళ్ళో కాన్పులు దాదాపు ఆగిపోయాయి. ఆగడమే మంచిది, ఆ బండిలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. నా పని రాతకోతలు, టీకాలు, ఫోన్లు. నల్ల సంచి గోడకు వేలాడింది, రెక్సిన్ పెచ్చులూడింది.

నన్ను బాధపెట్టేది వేరే. కొన్నిసార్లు చూలాళ్ళ వెంట ఆసుపత్రికి పోయేదాన్ని. లేబర్ రూము గుమ్మం దగ్గర అత్తనీ అమ్మనీ ఆపేస్తారు. పిల్ల ఒక్కతే లోపల. నేను ఉద్యోగం కార్డు చూపించి రెండుసార్లు లోపలికి పోగలిగాను, మూడోసారి పోనివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి కేకలకు ఎవరో "ఊరుకో, అరవబాక" అని కసిరిన గొంతు వినపడింది. అవ్వ ఉంటే ఏమనేదో అనుకున్నాను. అప్పటికి అవ్వ పోయి చాలా కాలమైంది. నేను బదిలీ మీద వేరే మండలంలో ఉంటే ఆలస్యంగా తెలిసింది. పెద్దకర్మ నాటికి పోయాను. ఇంటి ముందు జనం అంతూ దరీ లేదు, అందరూ ఆమె కోసిన బొడ్లే. తుఫాను కూడా వచ్చాడు, మీసాలొచ్చి.

నా కాన్పుకు ఆమె ఆముదం సీసా, వసకొమ్ము పట్టుకుని నెల్లూరు దాకా బస్సులో వచ్చింది. వచ్చేసరికే మా పాప పుట్టేసింది. "నేను లేకుండానే కన్నావా?" అని అలిగింది. అలిగినదే పిప్పళ్ళు, శొంఠి, మిరియాలు, వాము వేయించి బెల్లంతో కాయం కొట్టి, రోజూ పొద్దున్నే పెద్ద ఉసిరికాయంత ఉండ నా నోట్లో కుక్కింది. నేను దాహమంటే నీళ్ళు కూడా ఇచ్చింది. "నర్సమ్మవు గదా, నీకిస్తా" అని.

మన రాష్ట్రంలో కాన్పుల్లో నూటికి 42 ఆపరేషన్లేనని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మా పాపకు కూడా డాక్టరు అప్పుడే తేదీ మాట ఎత్తింది, ముహూర్తం ఏమైనా చూసుకుంటారా అని. తల కిందికే ఉంది, బరువు బాగుంది, బీపీ లేదు. ఆగుదామన్నాను. మా అల్లుడు నావైపు చూసి, ఏమీ అనలేదు. అవసరమైన ఆపరేషను ప్రాణం నిలబెడుతుంది. మన్నేరు ఇసక చూసిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అవసరం లేనప్పుడు ఎందుకంత తొందరో అదే అర్థం కాదు.

*

కషాయం సగానికి మరిగింది. వడకట్టి, బెల్లంముక్క వేసి ఇచ్చాను. మా పాప ముఖం చిట్లించి, ముక్కు మూసుకుని తాగింది. నా మంచం మీదే పక్కకు తిరిగి పడుకుంది. నేను కడుపు మీద చెయ్యి వేసి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆరు నిమిషాలకు ఒకటి బిగిసింది. తర్వాత పద్నాలుగు నిమిషాలకు ఇంకొకటి, మెత్తగా. ఈలోగా ఊళ్ళో గొడవలు, గేదెలు, సైకిలు మీంచి పడ్డది, సత్తుగిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చున్న ముసలామె, ఏవేవో చెప్పాను. గిన్నె దగ్గర నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడు నిద్రపోయిందో నాకే తెలియలేదు, నేను ఇంకా చెబుతూనే ఉన్నాను.

మూడున్నరకు దుప్పటి కింద కడుపు మళ్ళీ కొంచెం పైకి లేచినట్టనిపించింది. చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.